పిల్లల గుండెకు పేస్‌మేకర్: పెట్టిన తరువాత వచ్చే చిక్కులపై పాఠకుల ప్రశ్నలు

గత నెల ఈ శీర్షికలో పూర్తి హార్ట్ బ్లాక్ గురించి రాశాను. గుండె పై గదుల్లో పుట్టే విద్యుత్ సంకేతం కింది గదులకు చేరకపోవడమే ఈ జబ్బు. తల్లి రక్తంలో ఉండే ఒక రకం యాంటీబాడీల వల్ల 15 నుంచి 20 వేల కాన్పుల్లో ఒక బిడ్డకు ఇది పుట్టుకతోనే వస్తుందనీ, గుండెలో రంధ్రం మూసే ఆపరేషన్ తరువాత కూడా కొందరు పిల్లలకు వస్తుందనీ, వారిలో చాలామందికి పేస్‌మేకర్, అంటే తీగ ద్వారా గుండెకు విద్యుత్ సంకేతం అందించే చిన్న బ్యాటరీ పెట్టె, తప్పదనీ అందులో చెప్పాను. దానికి వరంగల్, కరీంనగర్, భూపాలపల్లి వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పేస్‌మేకర్ పెట్టించుకున్న పిల్లల ఇళ్ల నుంచి వచ్చినవే. అందరూ అడిగింది ఆ తరువాతి సంగతి. అందువల్ల ఈ నెల శీర్షిక మొత్తాన్ని ఆ ఉత్తరాలకే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మా బాబుకు ఏడేళ్లు. పుట్టుకతోనే హార్ట్ బ్లాక్ ఉందని ఐదో నెలలో హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి పొట్టలో బ్యాటరీ పెట్టారు. బ్యాటరీ చాలా ఏళ్లు వస్తుందన్నారు, బాబు కూడా బాగానే ఉన్నాడు కాబట్టి రెండేళ్లుగా చెకప్‌కు తీసుకుపోలేదు. ఈ మధ్య బడి నుంచి వస్తూ దారిలో కూర్చుండిపోతున్నాడు. మొన్న పడిపోయి కాళ్లూ చేతులూ కొట్టుకున్నాడు, నిమిషంలోనే తేరుకున్నాడు. ఇక్కడి డాక్టర్ ఫిట్స్ అని మందులు రాసి, తలకు పరీక్ష చేయించమన్నారు. ఏం చేయమంటారు? (ఒక తల్లి, నర్సంపేట)

జవాబు: అమ్మా, ఈ సంచిక మీ చేతికి వచ్చేసరికి బాబును ఇంకా చూపించి ఉండకపోతే, పత్రిక పక్కన పెట్టి ఈ రోజే బయలుదేరండి. పేస్‌మేకర్ ఉన్న పిల్లవాడు స్పృహ తప్పి పడిపోతే, కారణం గుండె కాదని తేలేదాకా గుండెనే అనుమానించాలి. గుండె కొన్ని క్షణాలు ఆగి మెదడుకు రక్తం అందకపోయినా కాళ్లూ చేతులూ కొట్టుకుంటాయి, చూసేవారికి అది అచ్చం ఫిట్స్ లాగే ఉంటుంది. తల పరీక్ష తరువాతైనా చేయించవచ్చు. ముందుగా ఈసీజీ, ఛాతీతో పాటు పొట్ట కూడా వచ్చేలా ఎక్స్‌రే, పేస్‌మేకర్‌ను ప్రోగ్రామర్‌తో (పెట్టె పనితీరును బయటి నుంచి చూసి, మార్చే యంత్రం) చదవడం జరగాలి. మొదటి రెండూ వరంగల్‌లో ఎక్కడైనా చేస్తారు. మూడోదానికి మాత్రం మీ పెట్టె తయారు చేసిన కంపెనీ ప్రోగ్రామరే కావాలి, ఒక కంపెనీది మరొక కంపెనీ పెట్టెను చదవలేదు. ఆపరేషన్ రోజు ఇచ్చిన చిన్న కార్డు మీద కంపెనీ పేరు, మోడల్ నంబరు ఉంటాయి కనుక దాన్ని వెంట తీసుకుపోండి.

బాబు విషయంలో నా అనుమానం బ్యాటరీ కన్నా తీగ మీదే ఎక్కువగా ఉంది. పసిపిల్లల రక్తనాళాలు సన్నగా ఉంటాయి కాబట్టి తీగను నాళం గుండా పంపకుండా, ఛాతీ తెరిచి గుండె పైపొర మీద కుట్టి, రెండో కొసను పొట్ట కండరం కింద దాచిన పెట్టెకు కలుపుతారు. ఐదు నెలల వయసులో 60, 65 సెంటీమీటర్ల పొడవున్న బిడ్డ ఏడేళ్లు వచ్చేసరికి దాదాపు రెట్టింపు పొడవు పెరుగుతాడు, తీగ మాత్రం ఒక్క సెంటీమీటరు కూడా పెరగదు. ఇది తెలిసే సర్జన్ లోపల కొంత తీగను చుట్టలా వదులుతారు. ఆ చుట్ట ఏటేటా విచ్చుకుంటూ చివరికి తీగ బిగుసుకుంటుంది. ఎక్స్‌రేలో మెలికలు పోయి తీగ నిటారుగా కనిపించిందంటే ఇక మిగులు లేదని అర్థం. పైగా పిల్లవాడు వంగినప్పుడల్లా, ఎగిరినప్పుడల్లా పక్కటెముకల అంచు దగ్గర తీగ అదే చోట మడత పడుతూ ఉంటుంది. ఫోన్ ఛార్జర్ వైరు పైకి బాగానే ఉండి లోపల తెగినట్టు, ఒక పక్కకు తిరిగితే అందుతూ ఇంకో పక్కకు తిరిగితే అందకుండా ఈ తీగ కూడా కొన్నాళ్లు సతాయిస్తుంది. అందుకే మీ బాబు ఒకరోజు ఆడుకుంటాడు, మరుసటి రోజు దారిలో కూలబడతాడు.

ప్రోగ్రామర్ తెర మీద ఇది అంకెల్లో కనిపిస్తుంది. తీగలో విద్యుత్ నిరోధం మామూలుగా కొన్ని వందల ఓమ్‌లు ఉంటుంది. అది ఒక్కసారిగా 2,000 దాటితే లోపలి లోహం తెగిందని, 200 కన్నా తగ్గితే పైనున్న తొడుగు చిరిగి కరెంటు పక్కకు పోతోందని అనుమానిస్తాం. తీగ బాగానే ఉండి, అది గుండెను తాకే చోట మచ్చ కణజాలం పెరిగినా ఇవే బాధలు వస్తాయి. నిరుడు ఒక వోల్టుకు పలికిన గుండె ఈ ఏడు నాలుగు వోల్టులు పెట్టినా పలకదు. ఈసీజీలో పేస్‌మేకర్ గీత పడుతుంది కానీ దాని వెనుక గుండె స్పందన రాదు. తీగ కొసన కొద్దికొద్దిగా స్టెరాయిడ్ మందు విడుదలయ్యే ఏర్పాటు వచ్చాక ఈ ఇబ్బంది తగ్గింది, పూర్తిగా పోలేదు. వోల్టేజీ పెంచి కొంతకాలం నెట్టుకురావచ్చు కానీ బ్యాటరీ అంత త్వరగా అయిపోతుంది.

అరుదుగా జరిగేదైనా ఇంకొకటి చెప్పాలి. గుండె మీద కుట్టిన తీగ ఒక్కొక్కరిలో గుండె చుట్టూ ఉచ్చులా పడి, బిడ్డ పెరిగేకొద్దీ గుండెనో దానికి రక్తం తెచ్చే నాళాన్నో నొక్కుతుంది. పైన చెప్పిన అంకెలన్నీ సరిగ్గా ఉన్నా ఇది జరగవచ్చు, ఎక్స్‌రేలో తీగ దారి చూస్తేనే అనుమానం వస్తుంది. ఏడాదికోసారి ఎక్స్‌రే తీసి పాత ఫిల్ముతో పక్కపక్కన పెట్టి చూడమనేది ఇందుకే. మన దగ్గర ఇంటికి పంపేటప్పుడు బ్యాటరీ ఎన్నేళ్లు వస్తుందో చెబుతారు గానీ, బిడ్డ పెరుగుదల వల్ల తీగకు వచ్చే ముప్పు గురించి ఆ స్థాయిలో చెప్పరు. రెండేళ్ల జాప్యానికి నేను మిమ్మల్ని ఒక్కరినే తప్పుపట్టలేను. అయితే ఇకపై బాబుకు ఏ ఇబ్బందీ లేకపోయినా ఆరు నెలలకోసారి చెకప్ జరగాలి.

ఇంట్లో మీరు చేయగలిగింది నాడి చూడటం. పెట్టెను కనీసం ఎంత వేగానికి అమర్చారో డాక్టర్‌ను అడిగి కార్డు మీద రాయించుకోండి. ఉదాహరణకు అది 70 అనుకుంటే, బాబు పడుకున్నప్పుడు మణికట్టు మీద పూర్తి నిమిషం లెక్కపెడితే 70కి తగ్గకూడదు. 50 వచ్చి, రెండోసారి చూసినా 50 వస్తే ఫోన్ చేసి అడుగుతూ కూర్చోవద్దు, 108 పిలవండి. ఎడతెగని వెక్కిళ్లు, పెట్టె ఉన్న చోట కండరం గుండెతో పాటు అదరడం కూడా కరెంటు దారి తప్పుతోందనడానికి గుర్తులే.

ప్రశ్న: మా పాపకు 11 ఏళ్లు. ఎడమ భుజం కింద పేస్‌మేకర్ ఉంది. మూడు నెలల క్రితం బ్యాటరీ మార్చారు. ఇప్పుడు అక్కడ ఎర్రబడి, ముట్టుకుంటే వెచ్చగా ఉంది. మా ఊరి ఆర్‌ఎంపీ గారు ఐదు రోజులు ఇంజెక్షన్లు ఇస్తే తగ్గింది, పది రోజులకు మళ్లీ వాచింది. సిరంజితో నీరు లాగేస్తే పోతుందంటున్నారు. లాగించవచ్చా? (ఒక తండ్రి, జమ్మికుంట)

జవాబు: లాగించవద్దు. ఈ పత్రిక పట్టుకుపోయి ఆయనకు చూపించినా సరే, ఆ వాపులోకి సూది పోనివ్వకండి. లోపల సూక్ష్మజీవులు లేకపోతే ఆ సూదితోనే లోపలికి చేరవచ్చు, తీగ తొడుగుకు సూది తగిలితే తీగ పాడవుతుంది. పెద్ద ఆసుపత్రుల్లో కూడా పెట్టె కోసం చర్మం కింద చేసిన సంచిలోంచి సూదితో నీరు లాగి పరీక్షించడం వద్దనే వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. అక్కడ పసరు కట్లు, వేడి కాపడాలు కూడా వద్దు.

బ్యాటరీ మార్చిన తరువాతి నెలల్లో పెట్టె చుట్టూ ఎర్రదనం, వేడి, వాపు వచ్చి, మందుతో తగ్గి తిరిగి వస్తే, పరీక్షలో కాదని తేలేదాకా దాన్ని ఇన్ఫెక్షన్‌గానే చూడాలి. సాధారణంగా దీనికి కారణం చర్మం మీద ఉండే స్టెఫైలోకోకస్ జాతి బ్యాక్టీరియా. ఇవి పెట్టె లోహం మీద, తీగ తొడుగు మీద జిగురు పొర కట్టుకుని దాని కింద తలదాచుకుంటాయి. రక్తంలో తిరిగే మందు ఆ పొర లోపలికి సరిగా చేరదు. అందుకే ఇంజెక్షన్లు ఇచ్చినన్నాళ్లు ఎర్రదనం తగ్గి, ఆపగానే తిరగబెడుతుంది. పైకి రెండు వేళ్ల వెడల్పు ఎరుపే కనిపిస్తున్నా, అదే తీగ నాళం గుండా గుండె కుడి గదుల్లోకి పోతుందని మరవకూడదు. ఇన్ఫెక్షన్ తీగ వెంట లోపలికి పాకితే గుండె కవాటం (వాల్వ్) మీద సూక్ష్మజీవుల గడ్డలు ఏర్పడి ప్రాణం మీదకు వస్తుంది.

మీరు చేయవలసింది ఇది. ఇకపై ఏ యాంటీబయాటిక్ పడకముందే రక్తం కల్చర్‌కు (సూక్ష్మజీవిని పెంచి గుర్తించే పరీక్షకు) పంపాలి, అదీ ఒకటికి రెండు మూడు చోట్ల నుంచి విడివిడిగా తీసి పంపాలి. రెండు మోతాదుల మందు పడ్డాక తీసిన రక్తంలో సూక్ష్మజీవి పెరగకపోవచ్చు, అప్పుడు ఏ మందు ఎన్ని వారాలు ఇవ్వాలో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. ఈ ఒక్క కారణంగానే పేస్‌మేకర్ ఉన్న పిల్లలకు కారణం తెలియని జ్వరం వస్తే ఊళ్లో ఇంజెక్షన్ వేయించవద్దని చెబుతుంటాను. తరువాత ఎకో పరీక్షలో తీగ మీద, కవాటం మీద గడ్డలున్నాయేమో చూస్తారు.

ఇన్ఫెక్షన్ అని రూఢి అయితే పెట్టెనూ తీగనూ పూర్తిగా తీసివేయక తప్పదు. సగం తీసి సగం ఉంచితే మళ్లీ వస్తుంది. ఈ మాట తల్లిదండ్రులకు కటువుగా ఉంటుందని తెలుసు. ఏళ్ల తరబడి లోపలున్న తీగ నాళం గోడకూ గుండె కండరానికీ అతుక్కుపోతుంది, దాన్ని లాగేటప్పుడు నాళం చిరిగే ప్రమాదం ఉంటుంది. కాబట్టి తీగలు తీయడంలో అనుభవం ఉండి, అవసరమైతే వెంటనే ఛాతీ తెరవగల గుండె సర్జన్లు పక్కనే ఉన్న చోటే ఇది చేయించాలి. కొత్తది పెట్టేదాకా పాప గుండెను తాత్కాలిక పేస్‌మేకర్ నడిపిస్తుంది. రక్తం శుభ్రపడిందని తేలాక కొత్తది అవతలి పక్కన గానీ, పొట్టలో గానీ పెడతారు.

అప్పటిదాకా ఆ పక్క భుజానికి బడి సంచి తగిలించవద్దు. పాప తెలియకుండానే చర్మం మీంచి పెట్టెను వేళ్లతో కదుపుతోందేమో గమనించండి. కొందరు పిల్లలు అలా తిప్పీ తిప్పీ తీగను పెట్టెకు చుట్టేసి గుండెలోంచి ఊడదీసుకున్న సందర్భాలున్నాయి.

ప్రశ్న: నేను సింగరేణిలో పనిచేసి రిటైర్ అయ్యాను. మా మనవడికి తొమ్మిదేళ్లు, పేస్‌మేకర్ ఉంది. మా కొడుకుకు ఇంటి ముందే వెల్డింగ్ షాపు ఉంది. బావి దగ్గర మోటారు, ఇంట్లో ఇండక్షన్ పొయ్యి, అందరికీ సెల్‌ఫోన్లు. వేటికి దూరంగా ఉంచాలి? మేడారం జాతరకు తీసుకుపోవచ్చా? (ఒక తాత, భూపాలపల్లి)

జవాబు: ఫ్యాను, టీవీ, ఫ్రిజ్, మిక్సీ, గ్రైండర్‌తో ఏ ఇబ్బందీ లేదు. ఇండక్షన్ పొయ్యికి 60 సెంటీమీటర్ల దూరంలో నిలబడితే చాలు. సెల్‌ఫోన్ పెట్టెకు 15 సెంటీమీటర్ల దూరం ఉండాలి, అంటే చొక్కా జేబులో పెట్టుకోకూడదు, మాట్లాడేటప్పుడు అవతలి చెవికి పెట్టుకోవాలి. ఈ మధ్య అయస్కాంతం అమర్చిన ఫోన్లు, కవర్లు, ఇయర్‌ఫోన్ డబ్బాలు వస్తున్నాయి, వాటిని ఛాతీ మీద పెట్టుకుని పడుకోనివ్వకండి. అయస్కాంతం దగ్గరకు వస్తే పెట్టె గుండె సొంత స్పందనను పట్టించుకోవడం మాని ఒకే వేగంతో కొడుతూ పోతుంది, దూరం జరిపితే మామూలు పద్ధతికి వస్తుంది. ఇంట్లో చాలామంది భయపడేది ఫోనుకే. నిజానికి మీ ఇంటి విషయంలో నాకు భయంగా ఉన్నవి వేరే రెండున్నాయి.

మొదటిది వెల్డింగ్. ఆర్క్ వెలుగుతున్నంతసేపు కేబుళ్ల చుట్టూ బలమైన విద్యుదయస్కాంత క్షేత్రం ఉంటుంది, దాన్ని గుండె కొట్టుకోవడంగా పొరబడి పెట్టె తన పని ఆపవచ్చు. పని నడుస్తుండగా మనవడు షాపులోకి రాకూడదు, కేబుల్ పట్టుకోకూడదు. రెండోది బావి దగ్గరి స్టార్టర్ డబ్బా. పేస్‌మేకర్‌కు మోటారు వల్ల చేటు లేదు, సరైన ఎర్తింగ్ లేని డబ్బాను తడి చేత్తో తాకితే కొట్టే షాకుతో చేటు. పేస్‌మేకర్ లేని పిల్లలకూ అది ప్రాణాంతకమే. అడవి పందుల కోసం చేల చుట్టూ కొందరు లాగుతున్న కరెంటు తీగల సంగతి వేరే చెప్పనక్కరలేదు.

మేడారానికి నిరభ్యంతరంగా తీసుకుపోండి. ఆపరేషన్ గాయం పూర్తిగా మాని ఉంటే జంపన్న వాగులో స్నానం కూడా చేయించవచ్చు. తోపులాటలో పెట్టె మీద మోచేతి దెబ్బ తగలకుండా భుజాన ఎత్తుకోవడమో, రద్దీ తగ్గాక దర్శనానికి పోవడమో మంచిది. మెటల్ డిటెక్టర్ ద్వారంలోంచి ఆగకుండా నడిచిపోవచ్చు. చేతి డిటెక్టర్‌ను మాత్రం పెట్టె మీద ఆపి ఉంచవద్దని కార్డు చూపించి చెప్పండి.

మీరు అడగకపోయినా ఒకటి కలుపుతున్నాను. ఎక్స్‌రే, సీటీ, అల్ట్రాసౌండ్ చేయించవచ్చు. ఎంఆర్ఐ మాత్రం గుండె డాక్టర్ రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే చేయించాలి. ఎంఆర్ఐకి తట్టుకునే పెట్టెలు వచ్చాయి గానీ, గుండె పైపొర మీద కుట్టిన తీగలకూ, లోపల వదిలేసిన పాత తీగ ముక్కలకూ ఆ భరోసా సాధారణంగా ఉండదు.

ప్రశ్న: నేను గురుకుల పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిని. పేస్‌మేకర్ ఉన్న ఎనిమిదో తరగతి విద్యార్థి కబడ్డీ జట్టులో చేరతానంటున్నాడు. ఆడించవచ్చా? (జనగామ జిల్లా)

జవాబు: కబడ్డీ వద్దు. కుస్తీ, కరాటే కూడా వద్దు. ఆ అబ్బాయి గుండె పూర్తిగా పెట్టె మీదే ఆధారపడి ఉంటే ఒక్క పట్టులో తీగ తెగినా ప్రమాదమే. పెట్టె భుజం కింద ఉంటే కడ్డీకి వేలాడటం, బరువులెత్తడం వల్ల కాలరు ఎముకకూ మొదటి పక్కటెముకకూ మధ్య తీగ నలుగుతుంది. అలాగని మైదానం అంచున కూర్చోబెట్టి స్కోరు రాయించవద్దు. పరుగు, బ్యాడ్మింటన్, టెన్నిస్ బంతితో క్రికెట్ చాలామంది పిల్లలకు సరిపోతాయి, అతని డాక్టర్‌తో ఒకమాట అనుకుంటే చాలు.

మీరు కనిపెట్టగలిగేది, ఆసుపత్రి బల్ల మీద మాకు కనిపించనిది ఒకటుంది. అబ్బాయి వేగం అందుకుంటున్న కొద్దీ బాగానే పరిగెత్తి, ఒక స్థాయి దాటగానే హఠాత్తుగా కాళ్లలో సత్తువ పోయినట్టు ఆగిపోతున్నాడా? పెట్టె అనుసరించగల గరిష్ఠ వేగాన్ని పెద్దవారికి సరిపోయే తక్కువ అంకెకు అమర్చి ఉంటే, పరుగులో గుండె పై గది 180 కొడుతుండగా కింది గదికి ఒక సంకేతం అంది ఒకటి పోయి నాడి ఒక్కసారిగా సగానికి పడుతుంది. దీనికి ఆపరేషన్ అవసరం లేదు, ప్రోగ్రామర్‌లో అంకె మారిస్తే చాలావరకు సరిపోతుంది. ఎప్పుడైనా కుప్పకూలి ఊపిరి ఆడకపోతే, పేస్‌మేకర్ ఉందని సంకోచించకుండా మామూలుగానే ఛాతీ నొక్కుతూ సీపీఆర్ చేయండి. షాక్ ఇచ్చే యంత్రం అందుబాటులో ఉంటే ప్యాడ్లను పెట్టె మీద కాకుండా కనీసం 8 సెంటీమీటర్ల ఎడంగా అంటించండి.

ప్రశ్న: మా అమ్మాయికి 14 ఏళ్లు. ఐదేళ్లప్పుడు గుండెలో రంధ్రం మూశాక బ్లాక్ వచ్చి పేస్‌మేకర్ పెట్టారు. ఇప్పుడు బ్యాటరీ అయిపోవచ్చిందంటున్నారు. ఎకోలో గుండె బలం 60 శాతం నుంచి 42కు పడిపోయిందన్నారు. పేస్‌మేకరే గుండెను పాడుచేసిందా? ఇలా ఎన్ని ఆపరేషన్లు? రేపు పెళ్లి, పిల్లల సంగతి ఏమిటి? (ఒక తల్లి, కరీంనగర్)

జవాబు: పేస్‌మేకర్ వల్ల అలా జరగవచ్చు. తీగ కుడి కింది గదిలో ఉంటే కరెంటు ముందుగా కుడి వైపు అంది, ఎడమ గదికి ఆలస్యంగా చేరుతుంది. గది గోడలు ఒకేసారి కాక ఒకదాని తరువాత ఒకటి ముడుచుకుంటాయి. అందరికీ కాదు గానీ, కొందరు పిల్లల్లో ఏళ్లు గడిచేకొద్దీ ఎడమ గది సాగి బలం తగ్గుతుంది. గుండె పైపొర మీద తీగ కుట్టేటప్పుడు ఎడమ గది కొసను ఎంచుకుంటే ఈ నష్టం తక్కువని తెలిశాక సర్జన్లు ఆ చోటునే ఇష్టపడుతున్నారు. అంతకన్నా ముఖ్యం, ఇలా తగ్గిన బలం చాలామందిలో తిరిగి కోలుకుంటుంది. ఎడమ గదికి కూడా ఒక తీగ వేసి రెండింటినీ ఒకేసారి కొట్టించడమో, గుండె సహజ విద్యుత్ మార్గంలోనే తీగ కొసను నిలపడమో చేయవచ్చు. కాబట్టి కేవలం బ్యాటరీ మార్చి పంపేస్తామంటే ఒప్పుకోకండి. ఈ 42 సంగతి అదే ఆపరేషన్‌లో తేల్చవచ్చా అని అడగండి. ముందుగా చేతి నరంలో రంగు మందు ఎక్కించి, పాత తీగ వల్ల నాళం మూసుకుపోయిందా అని చూడాలి. కవాటం గుండా పోయే తీగ వల్ల రక్తం వెనక్కి కారుతోందేమో కూడా ఎకోలో చెప్పించుకోండి.

ఎన్ని ఆపరేషన్లని ఎవరూ లెక్క చెప్పలేరు. పిల్లల గుండె వేగంగా కొట్టుకుంటుంది కాబట్టి బ్యాటరీ పెద్దవారిలో కన్నా త్వరగా తరుగుతుంది, తొమ్మిదేళ్లు రావడం మంచి విషయమే. తీగలు బాగుంటే పెట్టె ఒక్కటే మారుస్తారు, అది చిన్న ఆపరేషన్. శరీరం లోపల పేస్‌మేకర్ పెట్టించుకున్న తొలి మనిషి, స్వీడన్‌కు చెందిన ఆర్నే లార్సన్‌కు 1958లో పెట్టిన యంత్రం కొన్ని గంటలే పనిచేసింది. ఆయన మొత్తం 26 పేస్‌మేకర్లు మార్చించుకుంటూ 2001 వరకు, 86 ఏళ్లు బతికారు. గొట్టం మాత్ర లాంటి, తీగ లేని పేస్‌మేకర్లు వచ్చాయని మీరు విని ఉంటారు. వాటిని తొడ నాళం గుండా పంపే గొట్టం లావుగా ఉండటం, తరువాత తీయడం కష్టం కావడం వల్ల పిల్లల్లో వాటి వాడకం ఇంకా పరిమితమే.

పెళ్లికీ, కాన్పుకూ పేస్‌మేకర్ అడ్డు కాదు. గుండె బలం ఎంత ఉందన్నదే అప్పుడు చూస్తారు, అందుకే 42ను ఇప్పుడే పట్టించుకోమంటున్నాను. బ్యాటరీ మార్చాలన్న సూచన వచ్చాక సాధారణంగా మూడు నెలల వ్యవధి ఉంటుంది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. మీ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ఈ వారమే కలిసి, బ్యాటరీ మార్పిడితో పాటు అదనపు తీగకు కూడా అనుమతి వస్తుందో లేదో కనుక్కోండి. పేస్‌మేకర్ కార్డు, ఐదేళ్లనాటి ఆపరేషన్ కాగితాలు, పాత ఎకో రిపోర్టులు అన్నీ ఆ రోజు వెంట ఉండాలి.